చింతగింజల పోకర్

మా అన్న గూడ్సు రైలు నడిపేవాడు. లోకో పైలట్. కాజీపేట రైల్వే క్వార్టర్‌లో వదినా అతనూ ఇద్దరే ఉండేవాళ్లు. పిల్లలు లేరు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా రెండిళ్ల మధ్య ఆటోలో ఇరవై నిమిషాల దారి. అయినా నెలకొకసారి కలుసుకుంటే గొప్ప. అతని డ్యూటీకి పగలూ రాత్రీ తేడా ఉండదు, నాకేమో పరీక్షల ముందు ఆదివారాలు కూడా క్లాసులే.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, నేను స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుతుంటే వదిన ఫోన్ చేసింది. ఆమె మామూలుగా నాకు ఫోన్ చేయదు.

"ఓసారి వస్తవా? మీ అన్న బువ్వ తింటలేడు."

"ఏమైంది వదినా? జరమా?"

"జరం కాదు. మొన్న బండి కింద ఒకామె పడ్డది."

ఇరవై ఏళ్ల సర్వీసులో అతనికి ఇది మొదటిది కాదు. అంతకు ముందు రెండుసార్లు జరిగింది. ఆ ఇద్దరూ చావాలనే పట్టాల మీదికి వచ్చినవాళ్లు. రెండుసార్లూ మూడు నాలుగు రోజులు ముభావంగా ఉండి, తల వంచుకుని మళ్లీ డ్యూటీ ఎక్కాడు. ఇంజను చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా గట్టిగా అరిచినట్టే మాట్లాడేవాడు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "వచ్చినవా చెల్లె" అన్నాడు. ఆ మాట నాకు సరిగా వినపడలేదు. అంత చిన్నగా అన్నాడు.

నీళ్ల సీసా కోసం బ్యాగు తెరిస్తే పేకముక్కల డబ్బా జారి కింద పడింది. ఆ వారం క్లాసులో సంభావ్యత చెబుతున్నాను. పాఠ్యపుస్తకంలో ఎలాగూ పేకముక్కల లెక్కలే ఉంటాయి కాబట్టి ముక్కలు చేతికిచ్చి చూపిస్తే పిల్లలకు తొందరగా అర్థమవుతుందని రోజూ తీసుకుపోతున్నాను.

అన్న ఆ డబ్బా చూసి, "ఇదేంది, కాలేజీకి పత్తలు పట్కపోతానవా?" అన్నాడు. అతని ముఖంలో కొంచెం కదలిక వచ్చింది.

"పాఠం కోసమన్నా."

"మంచి పాఠమే. డ్యూటీ దిగి పండుకునే రన్నింగ్ రూంల మేము తీన్ పత్తా ఆడెటోళ్లం. చాయ్ పందెం."

నాకు అదే అవకాశం అనిపించింది. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ అక్క మా గది వాళ్లందరికీ పోకర్ నేర్పింది. వట్టి గుండీలతో ఆడేవాళ్లం. ఆ ఆట నేర్పుతానని అన్నతో అన్నాను. వదిన వంటింట్లోంచి ఒక డబ్బా చింతగింజలు తెచ్చి నేల మీద పోసింది. ముగ్గురం తలా యాభై పంచుకున్నాం. వదిన రెండు ఆటలాడి, "నాకు సమజైతలేదు, మీరాడుండ్రి" అని లేచిపోయింది. తర్వాత ఎప్పుడు పిలిచినా రాలేదు. నేను కూడా గట్టిగా పిలవలేదేమో.

అలా మొదలైంది. వారం విడిచి వారం కాదు, ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకల్లా వెళ్లేదాన్ని. అతను లీవులో ఉన్నాడు. సిక్ రాయించుకుని ఇంట్లోనే ఉంటున్నాడు. నేను వెళ్లేసరికి చాప పరిచి, గింజలు లెక్కపెట్టి రెండు కుప్పలు చేసి ఉంచేవాడు.

పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలో రెండే ముక్కలు. అవి ఎదుటివాళ్లకు కనపడవు. నడుమ ముందు మూడు, తర్వాత ఒకటొకటిగా రెండు, మొత్తం ఐదు ముక్కలు తెరుస్తాం. అవి అందరివీ. చేతిలోవీ నడుమవీ కలిపి ఎవరికి మంచి ఐదు కుదిరితే వాళ్లది గెలుపు. తెరిచే ముందు ప్రతిసారీ పందెం కాయాలి, లేదంటే ముక్కలు పడేసి తప్పుకోవాలి. తీన్ పత్తాలో దాన్ని ప్యాక్ అంటారు. అన్న పోకర్‌లో కూడా అదే మాట వాడేవాడు. మొదటి రెండు వారాలూ అతను అన్నీ ప్యాకే. కొంచెం ఎక్కువ గింజలు ముందుకు జరిపానంటే చాలు, ముక్కలు బోర్లా పడేసేవాడు.

ఒకసారి అలాగే పడేస్తే నేను తిప్పి చూశాను. అతని చేతిలో రెండు ఆటీన్లు. నడుమ తెరిచిన నాలుగింటిలో ఇంకో రెండు ఆటీన్లు. ఇంకొక్క ఆటీను పడితే ఐదూ ఒకే జాతి, కలర్.

"దీన్నెందుకు పడేసినవన్నా?"

"ఆటీన్ వస్తదని ఏం నమ్మకం?"

"నమ్మకం లేదు. లెక్క ఉన్నది. నీకు కనపడ్డ ముక్కలు ఎన్ని?"

"చేతిల రెండు, నడుమ నాలుగు. ఆరు."

"యాభై రెండుల ఆరు తీస్తె నలభై ఆరు. అండ్ల ఆటీన్లు ఇంకెన్ని ఉన్నయి?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పదమూడుల నాలుగు పోతె తొమ్మిది."

"నలభై ఆరిట్ల తొమ్మిది. అంటే ఐదుసార్లల్ల ఒక్కసారి వస్తదనుకో. ఇప్పుడు నడుమ ఉన్న కుప్ప సూడు. నేను పెట్టిన ఐదుతోని కలిపి ఇరవై ఐదు గింజలు. నువ్వు ఆటల ఉండాలంటే పెట్టాల్సింది ఐదే. ఇసొంటి ఆట ఐదుసార్లు వచ్చిందనుకో. నాలుగుసార్లు ఓడితె ఐదేసి ఇరవై పోతయి. ఒక్కసారి గెలిస్తె ఇరవై ఐదు వస్తయి."

"ఐదు మిగుల్తయి."

"మిగుల్తయి. అందుకే ఆడాలె. అదే నేను ఐదు కాదు, ఇరవై పెట్టిన్ననుకో?"

అతను చాలాసేపు గింజలు అటూ ఇటూ జరిపి చూసుకున్నాడు. "కుప్ప నలభై అయితది. నాలుగుసార్లు ఓడితె ఎనభై పోతయి. గెలిస్తె నలభయ్యే. అప్పుడు ప్యాక్."

"అంతే."

"అంటే గెలుస్తనా ఓడుతనా అన్నది కాదన్నట్టు. ఆ ధరకు ఉండొచ్చునా ఉండొద్దా అన్నదన్నట్టు."

మా కాలేజీలో వారం రోజులు చెప్పినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అన్న పదో తరగతి తర్వాత ఐటీఐ చేసి రైల్వేలో చేరినవాడు. నా చదువంతా అతని మొదటి జీతాలతోనే సాగింది. ఆ ఉదయం నాకు గర్వంగా అనిపించింది. అతనికి మందు దొరికిందనుకున్నాను.

నిజంగానే కొన్నాళ్లు అలాగే కనిపించింది. అన్నం తినడం మొదలుపెట్టాడు. నేను లేనప్పుడు కూడా ఒక్కడే ముక్కలు పరుచుకుని లెక్కలు వేసుకునేవాడట. "పొద్దుందాక గదే పని" అని వదిన చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.

తర్వాతి నెలలో ఒక ఆదివారం అతను మంచి ఆట ఆడాడు. నడుమ రాజు, ఏడు, నాలుగు, రెండు తెరిచి ఉన్నాయి. అతని చేతిలో రాజు, ఏడు. రెండు జతలు. నా చేతిలో రెండు పదులు మాత్రమే. నేను మొండిగా నా గింజలన్నీ ముందుకు తోశాను. అతను తొందరపడలేదు. నా ముఖం చూశాడు, కుప్ప చూశాడు, నోట్లో ఏదో లెక్క వేసుకున్నాడు, తనవీ అన్నీ తోశాడు. ఇద్దరం ముక్కలు తెరిచాం. నేను బతకాలంటే ఇంకొక పది పడాలి. కనపడని ముక్కలు నలభై నాలుగు. అందులో పదులు రెండే.

చివరి ముక్క తిప్పాను. కళావరు పది.

నేను నవ్వేశాను. అతను నవ్వలేదు. నా మూడు పదుల వంక చూస్తూ ఉండిపోయాడు.

"నేనేం తప్పు చేసిన?" అన్నాడు.

"ఏం తప్పు చెయ్యలేదన్నా. ఇరవై రెండుసార్లల్ల ఒక్కసారి అయ్యేది ఇప్పుడే అయ్యింది. నువ్వు కరెక్టుగ ఆడినవు."

"మల్లా గిదే ఆట వస్తె?"

"మల్లా గిట్లనే ఆడాలె."

అతను తల వంచుకున్నాడు. కాసేపటికి చాప మీద నీటి చుక్కలు పడటం చూశాను. మా నాన్న పోయినప్పుడు కూడా అన్న నా ఎదుట ఏడవలేదు. అప్పుడు చెప్పాడు, మొదటిసారి, అంతా.

బొగ్గు లోడుతో డోర్నకల్ నుంచి కాజీపేట వైపు వస్తున్నాడు. పగలు మూడున్నర. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఒక వంపు తిరగగానే ముందు పట్టాల నడుమ ఒక మనిషి కనిపించింది. నెత్తిన గడ్డిమోపు, వీపు ఇటు. బండి ఎటు పోతోందో ఆమె కూడా అటే నడుస్తోంది.

"హారన్ కొట్టిన. రోజుకు పది మందికి కొడ్త చెల్లె. మేకలు కాసేటోళ్లు, బడిపిల్లలు, తాగినోళ్లు. కొట్టంగనే పక్కకు జరుగుతరు. లోడు బండికి ఉట్టిగనె ఎమర్జెన్సీ బ్రేకు కొట్టద్దు. ఎనక డబ్బాలు నెట్టుకుంటయి, కప్లింగ్ తెగుతది, పట్టాలు దిగితె అదొకటి. అందుకే హారన్. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకున్న. జరుగుతలేదు. అప్పుడు బ్రేకు కొట్టిన."

"నువ్వు చేసింది కరెక్టే అన్నా."

"ఆమెకు చెవులు వినపడవట."

నా చేతిలోని కట్ట చాప మీద పెట్టాను.

"రెండు రోజులైనంక ట్రాక్ పని చేసేటాయన చెప్పిండు. చిన్నప్పటిసంది వినపడదట. నేను హారన్ కొట్టుకుంట కూసున్న." అతను కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు లెక్కలు చెప్తవు గద. నాది లెక్క కట్టు. ముందుగాలనే బ్రేకు కొడితె ఏమయ్యేదో చెప్పు. స్పీడు చెప్త, దూరం చెప్త. నిజం చెప్పు."

అతను చెప్పినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. బండి సెకనుకు ఇరవై మీటర్లు పోతోంది. ఆమె నాలుగు వందల మీటర్ల ముందు కనిపించింది. అంత బరువున్న బండి ఆగడానికి తొమ్మిది వందల మీటర్లు కావాలి.

మరునాడు కాలేజీలో ఖాళీ పీరియడ్‌లో కూర్చుని చేశాను. ఇంటర్ పిల్లలు చేసే లెక్కే. ముందు తేలింది అతనికి ఊరటనిచ్చే సంగతే: మొదటి క్షణంలోనే బ్రేకు వేసినా బండి ఆమె దగ్గర ఆగేది కాదు, ఐదు వందల మీటర్లు దాటి ఆగేది. అక్కడితో కలం మూసేస్తే సరిపోయేది. కానీ నేను ఇంకొక వరుస కూడా రాశాను. ముందే బ్రేకు వేసి ఉంటే బండి నెమ్మదించి ఆమె దగ్గరికి ఎంత ఆలస్యంగా చేరేది? రెండుసార్లు చేశాను. రెండుసార్లూ ఒకటే జవాబు. ఒక సెకను. ఇంకొంచెం.

ఆ కాగితం చింపి చెత్తబుట్టలో వేశాను.

తర్వాతి ఆదివారం అతనితో, "ఎట్ల చేసినా ఆగేది కాదన్నా. లెక్క ప్రకారం నువ్వు చేసింది కరెక్టు" అన్నాను. అది అబద్ధం కాదు. అతను తలూపాడు. "సరే" అన్నాడు. ముక్కలు కలిపాడు. ఆ రోజు మేం చాలాసేపు ఆడాం. అతను ఒక్క తప్పు కూడా చేయలేదు.

రెండు వారాల తర్వాత వదిన నన్ను వంటింట్లోకి పిలిచి గోడ క్యాలెండర్ నుంచి చింపిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. "ఇదేందో సూడు. దిండు కింద పెట్టుకుంటాండు." వెనక వైపంతా అన్న దస్తూరీ. బీజగణితం లేదు. సెకను సెకనుకూ బండి ఎంత నెమ్మదిస్తుందో, ఎన్ని మీటర్లు పోతుందో, ఒక పక్క బ్రేకు ముందేస్తే, ఇంకో పక్క నాలుగు సెకన్లాగి వేస్తే, చిన్న చిన్న అంకెల్లో రెండు వరుసలు కిందిదాకా పోయాయి. చివర గుండ్రంగా గీత గీసి రాసి ఉంది: 1 సెకను, కొంచెం ఎక్కువ.

కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్లాను. అతను నన్ను చూడగానే అర్థం చేసుకున్నాడు.

"నీకు ముందే తెలుసు గద?"

"తెలుసన్నా."

"మరి చెప్పకపోతివి."

"ఒక్క సెకనుతోని ఏమయ్యేదన్నా? ఆమెకు వినపడదాయె. చెప్తె నువ్వు ఏమైతవోనని..."

"నేను నిన్ను ఊరడించమనలే. లెక్క కట్టమన్న." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. తర్వాత అన్నాడు, "ఆమె ఇంటికి పోదమనుకుంటాన్న. తోడు వస్తవా?"

వదిన వద్దంది. వాళ్లు కొడితే ఎట్లా, తిడితే ఎట్లా అని భయపడింది. అయినా పొద్దున్నే లేచి ఒక సంచిలో అరటిపండ్లూ బ్రెడ్డూ పెట్టి ఇచ్చింది. ప్యాసింజర్‌లో వెళ్లాం. అన్న కిటికీ పక్కన కూర్చోలేదు. దారంతా అవతలి వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. డోర్నకల్‌లో దిగి ఆటో మాట్లాడుకుని, ఆ ట్రాక్ పనాయన చెప్పిన ఊరికి పోయాం.

చిన్న పెంకుటిల్లు. ముందు గడ్డివాము, ఒక బర్రె. ఆమె భర్త యాభై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు.

"ఎవలు సార్ మీరు? ఆఫీసుల నుంచి వచ్చిండ్రా?"

అన్న కూర్చోలేదు. "ఆ దినం బండి నడిపింది నేనే" అన్నాడు.

ఆ మనిషి చేతిలో తాడు అలాగే ఉంది. కొట్టలేదు, తిట్టలేదు. అన్నను పై నుంచి కింది దాకా చూశాడు. తర్వాత, "కూసోండ్రి" అన్నాడు. మంచం మీద కూర్చున్నాం. లోపలికి పోయి తనే రెండు గ్లాసుల నీళ్లు తెచ్చాడు. ఆ ఇంట్లో ఇంకెవరూ ఉన్నట్టు లేదు.

మళ్లీ అరుగు మీద కూర్చుని అడిగాడు. "బండి దగ్గరికి వచ్చినప్పుడు... ఆమె ఎనకకు మల్లి సూసిందా సార్?"

"లేదు" అన్నాడు అన్న వెంటనే. "సూడలె. ఆమెకు తెల్వనే తెల్వదు."

"అయితె భయపడలె."

"భయపడలె."

ఆ మనిషి తువ్వాలుతో ముఖం ఒత్తుకున్నాడు. తనకు తానే చెప్పుకున్నట్టు మొదలుపెట్టాడు. ఆమె ఎప్పుడూ పట్టాల మీద నడిచేది కాదట. పొలం గట్టు మీదుగా వచ్చేదట. అంతకు వారం ముందు వానకు గట్టు నాని ఉంటే కాలు జారి పడి నడుము పట్టేసిందట.

"గందుకే నేనే చెప్పిన సార్. ఇగో, చేతులతోని సైగ చేసి చెప్పిన. గట్టు మీద రాకు, జారుతది, పట్టాల మీదికెల్లి రా అని. నా మాట ఇన్నది. ఎప్పుడు ఇననిది, ఆ దినం ఇన్నది."

అన్న మంచం మీద నుంచి లేచి వెళ్లి అరుగు మీద ఆ మనిషి పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"అది నీ తప్పు కాదన్నా. వారం కింద జారి పడ్డది. అది సూసినోడివి నువ్వు. ఎవ్వలన్నా గట్లనే చెప్తరు. అప్పటికి నీకు తెలిసింది అంతే."

ఆ మాటలు నావి. చాప మీద కూర్చుని ఇన్ని ఆదివారాలు నేను అతనికి చెప్పినవే. నేను చెప్పినదానికంటే వంద రెట్లు బాగా చెప్పాడు. ఆ మనిషి అతని వైపు చూసి, "గంతేనంటవా?" అన్నాడు. "గంతే" అన్నాడు అన్న. ఇద్దరూ అలాగే ఎదురుగా గడ్డివామును చూస్తూ కూర్చుండిపోయారు. నేను పండ్ల సంచి గుమ్మం దగ్గర పెట్టాను.

తిరుగు రైలు ఆలస్యమైంది. డోర్నకల్ ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చున్నాం. చాయ్ తెచ్చాను. అన్న తాగలేదు.

"తిరిగింది చెల్లె" అన్నాడు.

"ఎవరు?"

"ఆమె. తిరిగి సూసింది. పట్టాలు అదిరినయో ఏమో, ఆఖర్ల తిరిగింది. మోపు కింద పడేసింది. ఒక కాలు పట్టా దాటింది." ఎదురుగా ఉన్న పట్టాను చేత్తో చూపించాడు. "ఇంకో కాలు దాటాలె. గంతే."

ఆ ఒక్క సెకను ఎందుకు అతనికి అంత ముఖ్యమో నాకు అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులూ అతను నన్ను అడిగింది బండి ఆగేదా అని కాదు.

"అన్నా, ఆమెకు వినపడదని నీకు తెల్వదు గద. తెలిసినదాన్ని బట్టి..."

"ఎర్కే. నేను చేసింది తప్పు కాదు. నీ లెక్క నాకు సమజైంది, మల్లా గసొంటిదే వస్తె మల్లా హారనే కొట్టాలె." అతను గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "గందుకే ఇగ నేను బండి ఎక్క."

ఎక్కలేదు. మెడికల్ బోర్డు చుట్టూ, ఆఫీసుల చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాడు. చివరికి లాబీలో కుర్చీ పని ఇచ్చారు. డ్యూటీకి వచ్చే డ్రైవర్లు సంతకం పెట్టే చోటు అది. వాళ్ల పేర్లు రాసుకోవడం, తాగారో లేదో ఊదించి చూడడం, బండి నంబరు చెప్పి పంపడం. కొత్తగా డ్యూటీ ఎక్కేవాళ్లు అతన్ని సార్ అని పిలుస్తారు. అతని గొంతు మళ్లీ పెరగలేదు. ఇప్పుడు చాలా చిన్నగా మాట్లాడతాడు, వాళ్లు బల్ల మీదికి వంగి వింటారు. తర్వాత మేం ఎప్పుడూ పోకర్ ఆడలేదు. ఒకసారి నేనే అడిగాను. "వద్దు చెల్లె, ఇప్పుడు బాగ వచ్చింది నాకు" అన్నాడు. ఆడడానికి అది కారణమవుతుంది గానీ మానడానికి కాదు. కానీ నేను వాదించలేదు.

క్లాసులో ఆ పాఠం ఏటా చెబుతూనే ఉన్నాను. మంచి నిర్ణయమూ మంచి ఫలితమూ వేరు వేరని పిల్లలకు ఇప్పటికీ చెబుతాను. అది నిజం కాబట్టి చెబుతాను. దాంతో మనిషికి నిద్ర పడుతుందని మాత్రం చెప్పను.

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున వాళ్లింటికి వెళ్లాను. అన్న లాబీకి పోయాడు. వదిన వరండాలో సంచి పరిచి కారానికి మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ఏదో మాటల్లో, "అప్పట్ల నువ్వు ఫోన్ చెయ్యకపోతె అన్న ఏమయ్యేటోడో వదినా" అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు.

"మీరిద్దరు లెక్కలతోని మాట్లాడుకున్నరు" అంది. "మంచిగైంది. కాదనను. నన్నెవ్వలు ఏం అడగలే."

నేను తలెత్తి చూశాను. ఆమె మిరపకాయల వైపే చూస్తోంది.

"ఆ పొద్దు ఇంటికొచ్చినంక అంగి ఇడిశిండు. తువ్వాలేదని అడిగిన. రోజు మెడల ఉంటది గద. ఆమె మీద కప్పిన అన్నడు. గప్పుడు తెలిసింది నాకు. గా అంగి ఉతికింది నేనే. ఏం మరక లేదు దాని మీద. అయినా మూడుసార్లు ఉతికిన. పక్కపొంటి పండుకుంటె ఆయన కాలు అదిరేది, బ్రేకు తొక్కినట్టు. ఇంజన్ల బ్రేకు చేతితోని ఏస్తరట, కాలుతోని కాదట. అయినా కాలే అదిరేది. నేను ఆమె మొకం సూడనే లేదు. అయినా నాకు కలల వస్తది. గడ్డిమోపు దించుమని చేతులతోని అడుగుతది. నేను దించుదమని పోత. అంతల తెలివైతది."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వొచ్చేది ఐతారం. వచ్చుడుతోనే చాప ఎయ్యవడితిరి."

వారం వారం నేను ఆ ఇంటికి వెళ్లాను. చాయ్ తాగాను, అన్నం తిన్నాను, గ్లాసులు కూడా కడగకుండా వచ్చేశాను. అదే గోడకు అవతల ఒకామె అన్నీ మోస్తూ ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎవరికి ఎంత ధర పడుతోందో లెక్క కట్టేటప్పుడు ఆమెను లెక్కలోకే తీసుకోలేదు.

వేళ్లు మండుతున్నాయి. కొబ్బరినూనె రాసుకొమ్మని సీసా నా వైపు జరిపింది. రాసుకుని మళ్లీ కాయలు తీసుకున్నాను. ఆమె ఇంకా చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు లేని సంగతి, ఆయన డ్యూటీకి పోయినప్పుడు రైలు కూత వినపడితే ఏమనుకునేదో, ఇప్పుడు ఆయన రోజూ ఇంటికి వస్తున్నా ఇల్లు ఎందుకు అలాగే ఉందో. మధ్యాహ్నం రెండు దాకా చెబుతూనే ఉంది. నేను తొడిమలు తీస్తూ విన్నాను. సంచి మీద కాయలు అయిపోతే ఆమె లేచి లోపలి నుంచి ఇంకొక సంచి తెచ్చి కుమ్మరించింది.